మూడో చెయ్యి

రాజోలు నుంచి అమలాపురం వచ్చే బస్సు ఒక మలుపు దగ్గర ఆగిపోయింది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు రోడ్డు ఎక్కలేక అవస్థ పడుతోంది. కిటికీలోంచి చూస్తే కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ కనిపించింది. మా వైపు ఎవరు పోయినా ఊరి మొగలో ఫ్లెక్సీ కడతారు. పైన ‘అశ్రునివాళి’, మూలల్లో తెల్లపావురాలు, మధ్యలో ఫొటో. ఆ ఫొటోలో ఉన్నది ఒకప్పుడు నా క్లాసులో కూర్చున్న ఆవిడ. కళ్ళజోడు కొత్తది, నవ్వు మాత్రం నాకు తెలిసిందే. పేరు కింద ‘అంగన్‌వాడీ సూపర్‌వైజర్’ అని ఉంది. ఆ కింద, ఆ రోజే ఆదరణ కూడిక అని రాసి ఉంది. పోయినవాళ్ళ ఇంటివారి కోసం చర్చివాళ్ళు చేసే ప్రార్థన అది.

నేను ముందు చదివింది పేరు కాదు, ఆ ఉద్యోగం. ఆవిడ సూపర్‌వైజర్ ఎప్పుడయింది అని ఆశ్చర్యపోయాను. ఆవిడ చనిపోయిందన్న సంగతి ఆ తర్వాత గాని తలకెక్కలేదు. ఈ రెండూ ఆ వరసలో జరిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

లేచి మెట్ల దగ్గరికి వెళ్ళాను.

“మీది అమలాపురం టిక్కెట్టు కదండీ, ఇక్కడ దిగిపోతున్నారేంటి?” అన్నాడు కండక్టరు.

“పనుందండి,” అన్నాను. చాలా ఏళ్ళుగా ఉండిపోయిన పని అని ఆయనకి చెప్పలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. బతికి ఉండగా నేను ఆ పేరు పెట్టి పిలిచింది లేదు. హాజరుపట్టీలో పేరున్నా ‘అంగన్‌వాడీ అమ్మా’ అనేవాణ్ణి. పోయాక ఆ పేరు వాడుకునే హక్కు నాకు లేదు.

నేను అమలాపురంలో ఒక కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ చెబుతాను. అందులో సిలాజిజం అని ఒక భాగం ఉంటుంది. రెండు మూడు వాక్యాలు ఇస్తారు. అవి ఎంత అడ్డగోలుగా ఉన్నా నిజమేనని ఒప్పుకోవాలి. ‘అన్ని పిల్లులూ కుర్చీలు’ అంటే, ఆ కాసేపు పిల్లులన్నీ కుర్చీలే. ఆ తర్వాత కింద ఇచ్చిన తీర్మానాల్లో ఏది తప్పకుండా నిలబడుతుందో, ఏది నిలబడదో చెప్పాలి. నేను బోర్డు మీద గుండ్రాలు గీసి చెబుతాను. ఒకదానిలో ఒకటి ఉంటే ‘అన్నీ’, ఒకదాని మీద ఒకటి ఎక్కితే ‘కొన్ని’, విడివిడిగా ఉంటే ‘ఏదీ కాదు’. పిల్లలు ఒక్క వారంలో పట్టేస్తారు.

ఆవిడ పట్టలేకపోయింది. అప్పటికి ఆవిడ వయసు నలభైల్లో ఉంటుంది. పగలంతా రాజోలు దగ్గర ఒక ఊళ్ళో అంగన్‌వాడీ నడిపి, సాయంత్రం బస్సు పట్టుకుని మా సాయంకాలం బ్యాచికి వచ్చేది. యూనిఫాం చీర, కళ్ళజోడు, చంకలో గొడుగు, చేతిలో సంచీ. ఆ సంచీలో రీజనింగ్ పుస్తకంతో పాటు ఎవరో పిల్లవాడి ఒంటి చెప్పు కొన్నాళ్ళు తిరిగింది. వచ్చిన మొదటి రోజే క్లాసు మొత్తానికి తన సంగతి చెప్పేసింది.

“సూపర్‌వైజర్ పోస్టుకి నాకు ఇదే ఆఖరు పరీక్షండి. ఈసారి తప్పితే వయసు దాటిపోద్ది. ఇంక రిటైరయ్యేదాకా పప్పు కొలుచుకోవడమే.”

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. కానీ పుస్తకం తెరిచేటప్పుడు ముఖం మారిపోయేది. చీరకొంగు నడుముకి బిగించి, పుస్తకాన్ని రెండు చేతులతో బల్లకి అదిమి పట్టి, అది ఎక్కడికో పారిపోతుందేమో అన్నట్టు చూసేది.

పక్కన కూర్చునేది ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్ళయినా ఆవిడకి తన బడి పిల్లలే. “జలుబు చేసిందా బాబూ? ముక్కు తుడుచుకుని రాయి,” అనేది. ముందు ఉడుక్కున్నారు. తర్వాత తర్వాత ఆవిడ రాని రోజున ‘టీచరమ్మ రాలేదేంటి సార్’ అని అడగడం మొదలుపెట్టారు.

ఆవిడకి ఉన్న అసలు అలవాటు వరసలు కలపడం. మా కోనసీమలో అది అందరికీ కొంత ఉన్నదే. బస్సులో పక్కన కూర్చున్న మనిషిని ముందు ఊరు అడుగుతాం, తర్వాత ఇంటిపేరు, తర్వాత అత్తవారి ఊరు. ఎక్కడో ఒకచోట తీగ దొరుకుతుంది. ఆవిడ మాత్రం తీగ దొరికేదాకా వదిలేది కాదు. మా సెంటర్ యజమానికి మేనత్త వరస అయింది. కింద జిరాక్సు షాపు అబ్బాయికి పెద్దమ్మ అయింది. ఒక రోజు నా దగ్గరికి వచ్చింది.

“మాష్టారూ, మీ అత్తవారిది జొన్నాడన్నారు కదండీ?”

“ఆయ్.”

“మా పిన్నిగారి తోడికోడలిదీ జొన్నాడేనండి. అంటే మీరు నాకు అన్నయ్యగారి వరస అవుతారు.”

ఆ వరస నాకు నచ్చలేదు. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. తాతల నాడు మా పొలాల్లాంటి పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. చదువుకుని పైకి వచ్చారు. ఇవన్నీ నేను ఆ క్షణాన లెక్క వేసుకున్నానని చెప్పను. లెక్క వేసుకోనవసరం లేకుండానే నా మొహం బిగుసుకుంది, అంతే. “క్లాసు మొదలుపెడదాం,” అన్నాను. ఎందుకు నచ్చలేదో అప్పుడు నన్ను నేను అడగలేదు. జవాబు తెలిసినవాడు ప్రశ్న వేసుకోడు.

ఆ అలవాటే ఆవిడని సిలాజిజంలో ముంచింది. ఒక రోజు బోర్డు మీద ఇలా రాశాను. అన్ని కొబ్బరికాయలూ లారీలు. కొన్ని లారీలు అరటిగెలలు. తీర్మానం: కొన్ని కొబ్బరికాయలు అరటిగెలలు. ఇది నిలబడుతుందా?

“నిలబడుద్దండి,” అంది ఆవిడ.

“ఎలా?”

“రెండూ లారీకి చుట్టాలే కదండీ. కొబ్బరికాయా లారీ మనిషే, అరటిగెలా లారీ మనిషే. ఒకే ఇంట్లో ఉన్నాక వాళ్ళిద్దరికీ ఏదో ఒక వరస ఉండకుండా ఎలా ఉంటాదండీ?”

క్లాసు గొల్లుమంది. వెనక నుంచి ఎవరో, “కొబ్బరికాయకి అరటిగెల మరదలు సార్,” అన్నాడు.

“మరదలవుద్దో వదినవుద్దో ఇంటిపేరు చూసి చెప్తాను, నువ్వు కూర్చో,” అంది ఆవిడ, వాడి వైపు తిరక్కుండానే.

నేను పెద్ద గుండ్రం గీశాను, లారీలు. లోపల ఒక మూల చిన్నది, కొబ్బరికాయలు. రెండో పక్క నుంచి సగం లోపలికి వచ్చిన ఇంకొకటి, అరటిగెలలు. చిన్నదానికి తగలలేదు. “చూడండమ్మా. ఒకే లారీలో ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉండనక్కర్లేదు,” అన్నాను. లెక్క ప్రకారం అది సరైన మాట. కానీ నేను దాన్ని ఎంత ఇష్టంగా అన్నానో నాకు గుర్తుంది. జొన్నాడ వరసకి కూడా అదే జవాబని నా గొంతులో ఉంది. ఆవిడకి వినిపించిందో లేదో తెలియదు. “ఆయ్,” అంది. గోదావరి వాళ్ళ ఆయ్ అన్నిసార్లూ ఒప్పుకోవడం కాదు.

మర్నాడు వేళ్ళతో వచ్చింది.

బోర్డు మీద గీసిన గుండ్రం కదలదు, అది ఆవిడ ఫిర్యాదు. కదలనిదాన్ని చూస్తే అదొక్కటే నిజమనిపిస్తుందట. అందుకని బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఉంగరం చేసింది. ఎడమ వేలు నిలబెట్టి దాని చుట్టూ కుడిచేతి ఉంగరం పెడితే ‘అన్నీ’. రెండు చేతుల ఉంగరాలూ గొలుసులా తగిలిస్తే ‘కొన్ని’. రెండు చేతులూ రెండు మోకాళ్ళ మీద పెట్టేస్తే ‘ఏదీ కాదు’. బడిలో పిల్లలకి పాటలు నేర్పే చేతులు కదా, ఒక్క రోజులో అలవాటయిపోయాయి. ఆవిడ పెదవులు కదుపుతూ వేళ్ళు ముడివేస్తూ విప్పుతూ ఉంటే, దూరం నుంచి చూసేవాళ్ళకి ఏదో ప్రార్థన చేస్తున్నట్టుండేది.

చిక్కల్లా మూడో గుండ్రం దగ్గర వచ్చింది. మనిషికి చేతులు రెండే. ఆవిడ పక్కవాళ్ళ వైపు తిరిగేది.

“ఓ చెయ్యి అప్పివ్వు బాబూ, మళ్ళీ ఇచ్చేస్తాను.”

కుర్రాళ్ళు నవ్వుతూ ఇచ్చేవారు. వాళ్ళ ఉంగరాన్ని తన కుడిచేతి ఉంగరానికి తగిలించుకుని, “ఇప్పుడు మెల్లిగా అవతలికి లాగు,” అనేది. తన ఎడమ వేలు వైపు చూసుకునేది. అది కదలకపోతే, కొబ్బరికాయకి అరటిగెలతో ముడి పడలేదన్నమాట. కానీ తొందరలో ఉన్నప్పుడు పాత అలవాటు ముందుకు వచ్చేది. లాగకుండానే ముడి పడిందనేసేది. పది ప్రశ్నలిస్తే సగం పైగా తప్పు. మళ్ళీ మొదటి నుంచి చేసేది.

పరీక్షకి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయనగా ఒక సాయంత్రం క్లాసు అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. ఆవిడ బస్సు వదులుకుని కూర్చుంది. నేను డస్టరు దులుపుకుంటున్నాను. ఆవిడ రెండు చేతులూ ముడివేసుకుని ఒక లెక్క దగ్గర ఆగిపోయింది. చుట్టూ చూసింది. నేనే ఉన్నాను.

“మాష్టారూ, ఓ చెయ్యి అప్పిస్తారా?”

నా చెయ్యి దానంతట అదే వెనక్కి వెళ్ళింది. సుద్ద అంటుకుందన్నట్టు ప్యాంటుకి తుడుచుకున్నాను. “ఎందుకమ్మా ఈ తిప్పలు? అయిదు ప్రశ్నలే కదా. వదిలెయ్యండి. ఆ టైములో మిగతావి చూసుకోండి. పోటీ పరీక్షలో వదిలెయ్యడం కూడా ఒక విద్యే,” అన్నాను. కోచింగ్ సెంటర్లలో అందరం చెప్పే మాటే అది. మంచి సలహాలా వినిపిస్తుంది. కానీ ఆ రోజు నేను వదిలెయ్యమన్నది ప్రశ్నల్ని కాదు.

ఆవిడ ముడి విప్పలేదు. నా చేతి వైపు చూసి, తర్వాత నా మొహం చూసింది. “ఆయ్. వదిలేస్తానండి,” అంది. మర్నాడు అందరికంటే ముందు వచ్చి, అదే లెక్క దగ్గర, జిరాక్సు షాపు అబ్బాయిని పైకి పిలుచుకొచ్చి వాడి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆ వారంలోనే ఒక ప్రశ్న అడిగింది. “ఒకే లారీలో ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉండనక్కర్లేదన్నారు. సరేనండి, ఒప్పుకున్నాను. కానీ ఉండకూడదని కూడా లేదు కదండీ? అరటిగెల గుండ్రం ఇంకాస్త లోపలికి జరిపితే కొబ్బరికాయకి తగులుద్ది. ఎవరూ వద్దనలేదు కదా.”

అది సరైన మాట. ఇప్పటి పరీక్షల్లో దాని మీద కూడా ప్రశ్నలు వస్తాయి, ‘అయ్యే వీలుంది’ అనే రకం తీర్మానాలు. నేను ఆ పాఠానికి ఇంకా రాలేదు. “అది తర్వాత చెబుతాను,” అన్నాను. చెప్పాను కూడా. కానీ ఆవిడ అప్పటికే అక్కడికి చేరిందని క్లాసులో అనలేదు.

పరీక్ష అయిపోయింది. ఆవిడ మళ్ళీ రాలేదు. ఫలితాలు వచ్చాక పాసైనవాళ్ళు స్వీట్లు పట్టుకొస్తారు, మా సెంటర్ బయట వాళ్ళ ఫొటోలతో ఫ్లెక్సీ కడతారు. ఆవిడ రాలేదు, ఫ్లెక్సీ మీద ఫొటో లేదు. కాబట్టి పాసవలేదు. ఇంత పెద్ద తీర్మానం అంత తేలిగ్గా చేశాను. పాసైనవాళ్ళు వస్తారన్నది మా ఆనవాయితీయే గాని, అందరూ వచ్చి తీరతారని ఏ వాక్యంలోనూ లేదు. నా విద్యార్థి ఎవడైనా ఇలా రాస్తే సున్నా వేసేవాణ్ణి.

అంతటితో ఆగలేదు. కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా, సిలాజిజం మొదలుపెట్టే రోజున కొబ్బరికాయల కథ చెప్పేవాణ్ణి. ఒకావిడ ఉండేదనీ, కొబ్బరికాయకీ అరటిగెలకీ వరస కలిపేదనీ, చేతులు అప్పు అడిగేదనీ. గొంతు మార్చి ఆవిడలా మాట్లాడేవాణ్ణి. పిల్లలు బాగా నవ్వేవారు. చివర, “మనకి రానిది ఏదో తెలుసుకుని వదిలేసుకోవాలి. ఆవిడ వదల్లేదు, పరీక్షే పోగొట్టుకుంది,” అని ముగించేవాణ్ణి. ఈ కథ ఎన్ని బ్యాచీలకి చెప్పానో లెక్కలేదు.

ఊరిలోకి నడిచి, అడిగి, ఇల్లు కనుక్కున్నాను. కూడిక అయిపోయింది. షామియానా కింద కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దొంతర పెడుతున్నారు. అరుగు మీద ప్లాస్టిక్ బల్ల ముందు ఒకావిడ కూర్చుని ఉంది. అవే కళ్ళు, అదే బిగించిన చీరకొంగు. చెల్లెలని అడక్కుండానే తెలిసింది.

“నేను అమలాపురంలో రీజనింగ్ చెబుతానండి. మీ అక్కగారు నా దగ్గర చదువుకున్నారు,” అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం చూసింది. “చెయ్యి అప్పివ్వని మాష్టారాండీ?” అంది. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఏ వీధి వారు అని అడిగినంత మామూలుగా అడిగింది. వాళ్ళింట్లో నా పేరు అదేనని అర్థమైంది.

“ఆయ్. నేనేనండి.”

“కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?”

తాగాను. ఎలా జరిగిందని అడిగాను. జ్వరమే అనుకున్నామంది. ఆ మాట అంతటితో ఆపేసి, అక్క పరీక్ష సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

“పరీక్ష రోజున హాల్లో ఎవరూ చెయ్యివ్వరు కదండీ. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టుకుందంట, దాని అద్దం మూడో గుండ్రం. వేళ్ళు ముడేస్తా విప్పుతా ఉంటే అక్కడున్న సారు వచ్చేరంట. ‘ఎవరికమ్మా సైగలు?’ అని గట్టిగా అడిగేరంట. ‘కొబ్బరికాయలకండి’ అందంట మా అక్క. ఆయన పక్కనే నించుండిపోయేరంట, ఆ అయిదూ అయ్యేదాకా.” చెల్లెలు నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “అయిదూ చేసిందండి. ఒక్కటీ వదల్లేదు. ఆ మార్కులతోనే గట్టెక్కేనని అనేది.”

“పాసైన సంగతి నాకు తెలియలేదండి,” అన్నాను.

“చెప్పడానికి వచ్చేం కదండీ. కోవాబిళ్ళలు పట్టుకుని ఇద్దరం మెట్లెక్కేం. తలుపు తీసే ఉంది. మీరు బోర్డు వైపు తిరిగి ఉన్నారు. లోపలంతా నవ్వులు. మా అక్క మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు మీరు.”

చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“నాకు ఒళ్ళు మండిపోయిందండి. లోపలికెళ్ళి మొహం మీద చెప్పేసి రా అన్నాను. అక్క నా నోరు మూసేసింది. ‘పాఠం మధ్యలో వెళ్ళకూడదే’ అంది. కిందకి దిగేక ఓ కోవాబిళ్ళ తనే నోట్లో వేసుకుని, ‘కథ బాగానే చెప్తున్నారు గానీ, మాష్టారు సగం బొమ్మే గీసేరు’ అంది. మిగతావి బస్సులో పంచేసింది. వరస కలిపి మరీ పంచిందండి. మళ్ళీ వెళ్దామన్నాను గానీ, ఇంక ఉద్యోగంలో పడిపోయింది.”

క్షమించమని అడగాలనుకున్నాను. అడగాల్సిన మనిషి లేదు. ఈవిడని అడిగితే, దుఃఖంలో ఉన్న మనిషి చేత నా బరువు మోయించడం అవుతుంది. అందుకని గ్లాసు బల్ల మీద పెట్టేశాను. అప్పుడు చూశాను, బల్ల మీద బోర్లించిన పుస్తకం. మా సెంటర్‌లో వాడే రీజనింగ్ పుస్తకమే. అట్ట మీద వాళ్ళక్క పేరుంది.

“మీరూ రాస్తున్నారా?”

“ఆయ్. నేనూ అంగన్‌వాడీయేనండి, పక్క ఊళ్ళో. నాకూ ఇదే ఆఖరుది. వచ్చే ఆదివారమే పరీక్ష. ఇలాంటప్పుడు పుస్తకం పట్టుకుందని ఊళ్ళోవాళ్ళు ఏమన్నా అనుకోనివ్వండి. మానేస్తే అక్క ఊరుకోదు.” బోర్లించిన పుస్తకం చేతిలోకి తీసుకుంది. “రెండు గుండ్రాలవరకూ బాగానే వస్తన్నాయండి. మూడోదానికే. అక్క ఉన్నన్నాళ్ళూ మూడో చెయ్యి అక్కదే.”

పుస్తకం తిప్పి చూపించింది. అన్ని గొడుగులూ పడవలు. కొన్ని పడవలు దీపాలు. మొదటి తీర్మానం: కొన్ని గొడుగులు దీపాలు. రెండోది: కొన్ని గొడుగులు దీపాలయ్యే వీలుంది.

ఆవిడ ఎడమ వేలు నిలబెట్టి, దాని చుట్టూ కుడిచేతి ఉంగరం పెట్టి, నా వైపు చూడకుండా పుస్తకం వైపే చూస్తూ కూర్చుంది. అడగలేదు. వాళ్ళక్క ఒకసారి అడిగింది, చాలు.

బొటనవేలూ చూపుడువేలూ కలిపి నా చెయ్యి బల్ల మీద పెట్టాను. ఆవిడ తన ఉంగరం విప్పి నాదానికి తగిలించుకుంది.

“లాగండి,” అంది.

లాగాను. ఎడమ వేలు కదల్లేదు.

“మొదటిది నిలబడదు. ఇప్పుడు లోపలికి జరపండి.”

జరిపాను. నా వేళ్ళు ఆవిడ వేలిని కూడా చుట్టుకున్నాయి. ఏదీ అడ్డం రాలేదు. ఏ వాక్యమూ వద్దనలేదు.

“రెండోది నిలబడుద్దండి,” అంది.

“ఆయ్, నిలబడుద్ది,” అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

“తియ్యకండి అన్నయ్యగారూ,” అంది పేజీ తిప్పమన్నట్టు గడ్డంతో చూపిస్తూ. “ఇంకా నాలుగున్నాయి.”

తియ్యలేదు. రెండో చేత్తో పేజీ తిప్పాను.